తిరుగు ముద్ద

కుర్చీలో దివాకరం కళ్లు తెరిచాడు గానీ ముద్ద మాత్రం తినలేదు.

హైమవతి తెల్లవారగానే లేచి నువ్వులు వేయించి, బెల్లం కలిపి, రోట్లో తనే దంచి చేసిన చిమ్మిలి ఉండ అది. పెళ్లయిన కొత్తలో ఈ చిమ్మిలి కోసం వంటింటి డబ్బాలన్నీ దేవులాడి, దొరికిపోయి, మూతి తుడుచుకుంటూ నవ్విన మనిషి అతను. ఇప్పుడు ఆ ఉండను అరచేతిలోకి తీసుకున్నాడు, వాసన చూశాడు, నోట్లో పెట్టుకోకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు మీద చెయ్యి ఆనించి మెల్లగా అడిగాడు.

"తాయారూ, పిల్ల లేచిందా?"

హైమవతి పేరు తాయారు కాదు. వాళ్లిద్దరికీ పిల్లలు లేరు. కావాలని ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. ఆ తరవాత ఆ మాటే ఎత్తకూడదని ఒకరికొకరు చెప్పుకోకుండానే ఒప్పుకుని చాలా ఏళ్లయింది. 

యంత్రం వెనకాల వంగి, వేడి తగ్గిందో లేదో చూసుకుంటున్న సహాయకురాలు రెహానా అక్కడినుంచే అడిగింది, ముద్ద అయిందా మేడమ్ అని.

"అయింది" అంది హైమవతి.

ఇంకో నిమిషం ఆగితే తింటాడులే అనుకుంది. కట్టుకున్నవాడు తన దగ్గరికి తిరిగి రాక ఎక్కడికి పోతాడు అనుకుంది. బయటి మనిషి ఎవరైనా ఆ ఉండను అలా జేబులో వేసుకుని ఉంటే ఆమె చచ్చినా ఒప్పుకునేది కాదు.

ఏలూరు శివార్లలో ఉన్న ఆ పరిశోధన కేంద్రంలో కుర్చీని తయారు చేసింది హైమవతే. రెండు దేశాలు ఏ వ్యాపార ఒప్పందం చేసుకున్నా, అందులో లాభపడే ఇళ్లు లక్షలుంటాయి, నష్టపోయే ఇళ్లు కొన్ని ఉంటాయి. ఒప్పందం కావాలని వాదించేవాడు ముందు ఆ నష్టపోయే ఇంట్లో పదేళ్లు బతికి వచ్చి, ఆ తరవాత నోరు విప్పాలని చట్టం వచ్చింది. అలా బతికించే కుర్చీ ఇది. ఒప్పుకున్న కుటుంబం ఒకటి నెల్లాళ్లపాటు మణికట్టుకు పట్టీలు కట్టుకుని మామూలుగా తిరుగుతుంది. వాళ్ల కోపాలూ, ఆకళ్లూ, మొండితనాలూ, మాట తీరూ ఆ పట్టీలు పట్టుకుంటాయి. కుర్చీ వాటిని విత్తనంలా తీసుకుని, ఒప్పందం అమలైన లోకంలో నాటి, పదేళ్ల బతుకు మొలిపిస్తుంది. కూర్చున్న మనిషికి బయట గడిచేది అరగంట. లోపల మాత్రం పదేళ్లు, ఒక్క పూట కూడా తగ్గకుండా.

మొదట్లో కూర్చున్నవాళ్లలో ఒకాయన అసలు తిరిగి రాలేదు. మనిషి లేచాడు, నడిచాడు, ఇంటికీ వెళ్లాడు. తలుపు తీసిన పెళ్లాన్ని మీరెవరమ్మా అని అడిగాడు. అప్పుడు హైమవతి ఈ తిరుగు ముద్ద పద్ధతి పెట్టింది. లేచిన మనిషి నోటికి వాళ్లింట్లో వండినదేదో ఇంటివాళ్లే అందించాలి. అది తిని, ఇది మా ఇంటిదే అని గుర్తుపడితే తిరిగి వచ్చినట్టు. తినకపోతే ఇంకా అక్కడే ఉన్నట్టు. చట్టం చేసేవాళ్లు దాన్ని కూడా ఎక్కించారు. ముద్ద తినని మనిషి వాదనకు పనికిరాడు. ముద్ద పెట్టేది ఇంటి మనిషి, అయిందని చెప్పేది కేంద్రం మనిషి. ఆ ఇద్దరూ ఒక్కరే అయితే ఎలాగన్నది ఎవరికీ తట్టలేదు. ఆమెకీ తట్టలేదు.

ఈసారి ఒప్పందం సాలంగా దేశంతో. అది ద్వీపాల దేశం, పామాయిల్ దానికి ప్రాణం. వాళ్ల నూనె సుంకం లేకుండా మనకి వస్తుంది. మన రొయ్యలూ మందులూ సుంకం లేకుండా అక్కడికి వెళ్తాయి. ప్రభుత్వం తరఫున దాన్ని సమర్థించే పని వాణిజ్య శాఖలో చేస్తున్న దివాకరానికి పడింది. నష్టపోయే ఇల్లు జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ తోట ఉన్న ఒక జంటది. భర్త వీర్రాజు, భార్య మంగతాయారు, పెళ్లయి రెండేళ్లు, ఇంకా పిల్లల్లేరు. దివాకరం పదేళ్లు వీర్రాజై బతికి వచ్చాడు.

వచ్చాడని హైమవతి చెప్పింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర దివాకరం పప్పన్నం కలిపాడు. చిన్న చిన్న ముద్దలు చేసి కంచం అంచు చుట్టూ వరసగా పెట్టాడు. పెట్టి, పక్కన ఖాళీగా ఉన్న పీట వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి హైమవతి తనని చూస్తోందని తెలిసి, సిగ్గుపడి, ముద్దలన్నీ మళ్లీ అన్నంలో కలిపేశాడు. ఆమె ఏమీ చూడనట్టు మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లింది. ఆ వంటింట్లో ఆమెకి చాలాసేపు మజ్జిగ గిన్నె కనపడలేదు.

మర్నాడు కరివేపాకు కోసం బజారుకి వెళ్లిన మనిషి ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్లింది. చెప్పుల కొట్టు ముందు నిలబడి, పిల్లల చెప్పుల జత ఒకటి చేతిలో పట్టుకుని, దాని పొడవు అరచేత్తో కొలుస్తున్నాడు. ఇంటికి వచ్చే దారిలో అతనే చెప్పాడు.

"నాకో కూతురు హైమా."

ఇక ఆపుకోలేకపోయాడు. సుంకం పోయిన రెండో ఏటికల్లా గెలల ధర పడిపోయిందట. మిల్లు వాళ్లు రేపు రా, ఎల్లుండి రా అంటూంటే కోసిన గెలలు గట్టు మీదే కుళ్లాయట. చెట్టు కాపుకు వచ్చేదాకా నాలుగేళ్లు సాకిన చేతులతోనే తోట నరికించి, తాయారూ తనూ భీమవరం వైపు వెళ్లిపోయారట. అక్కడ రొయ్యల వ్యాపారం మహా జోరు మీద ఉంది, పనికి కొదవ లేదు. ఆవిడ రొయ్యలు వలిచే షెడ్డులో, తను ఐసు లారీ మీద. ఒకటే గది, రేకుల కప్పు. ఆ గదిలో పుట్టింది ఆ పిల్ల. తండ్రి చెవి పట్టుకుంటే గానీ నిద్రపోదు. తినడానికి ఏది పెట్టినా సగం దాచి, నాన్న వచ్చాక తెస్తుంది. అందుకే తనకీ దానికోసం దాచడం అలవాటైంది.

"తోట ఉండగా పిల్లల మాట ఎత్తితే చూద్దాంలే అనుకున్నాం. అన్నీ పోయాక పుట్టింది. దానికి ఏం పేరు పెట్టామంటే..."

"పేరు చెప్పకండి" అంది హైమవతి.

ఎందుకు వద్దందో ఆమెకి బాగానే తెలుసు. పేరు వింటే ఆ పిల్ల తన ఇంట్లో కూడా తిరగడం మొదలెడుతుంది.

విజయవాడలో పార్లమెంటు సంఘం ముందు వాదన వారం రోజుల్లో ఉంది. దివాకరం ముందు గదిలో అటూ ఇటూ నడుస్తూ వాదన సాధన చేసేవాడు. ఇదివరకు కూడా చేసేవాడు గానీ, అప్పుడు జీతానికి తగ్గ గొంతుతో చేసేవాడు. ఇప్పుడు ఆ గొంతే వేరు. 

నూనె చవకైతే ఏ ఊళ్లో ఏ పొయ్యి మీద ఎంత మిగులుతుందో చెప్పేవాడు. తోటల రైతుల కన్నీళ్లు కనపడతాయి, ఎందుకంటే వాళ్లు ఒకచోట ఉంటారు. ఎక్కువ ధర పెట్టి నూనె కొనే కోట్ల మంది కష్టం కనపడదు, ఎందుకంటే అది ఇంటింటికీ చెంచాడు చెంచాడుగా పంచబడి ఉంటుంది, కనపడనంత మాత్రాన అది కష్టం కాకుండా పోదు అనేవాడు. సాలంగా తలుపు మనం తట్టకపోతే పక్క దేశం తడుతుంది, తరవాత మన రొయ్యల రైతు ఆ గుమ్మం బయటే నిలబడాలి అనేవాడు. మన మందుల బిళ్ల వాళ్ల దీవుల్లో ఒక రోగిని బతికిస్తే అందులో నష్టపోయింది ఎవరు అని అడిగేవాడు. ఇచ్చిపుచ్చుకునే దేశాలు దెబ్బలాడుకోవడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాయి అనేవాడు.

హైమవతి అందులో తప్పు వెతికింది. నిజాయితీగానే వెతికింది. ఎక్కడా దొరకలేదు. తప్పుడు వాదన అయితే చెవి పట్టుకుని నిలదీసేది. ఇది ఒప్పు వాదన కావడమే ఆమె ప్రాణానికి వచ్చింది.

చివరికి ఒకరోజు ఏదో వెలితిగా తోచింది. కుర్చీలో కూర్చోకముందు సంఘానికి రాసిచ్చిన ఈ వాదనలోనే ఇంకో మాట ఉండేది. పామాయిల్ చెట్టు ముప్పై ఏళ్ల పంట, వరిలా మరుసటి కారుకి మార్చుకునేది కాదు, అందుచేత సుంకం ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా తీసేయాలి, ఈలోగా ఖజానాకి వచ్చే సుంకంలోంచి తోటల వాళ్లకి ఆసరా ఇవ్వాలి అని అతనే పట్టుబట్టి చేర్చుకున్న మాట. ఇప్పుడది లేదు. అదేమైందని అడిగింది.

దివాకరం నడక ఆపాడు గానీ ఆమె వైపు తిరగలేదు. అది పెడితే వాదన బలం తగ్గుతుందన్నాడు.

"అది పెడితే వీర్రాజు తోట నరకడు. అంతేనా?"

తోట నరక్కపోతే ఆ రేకుల గది లేదు. ఆ గది లేకపోతే ఆ పిల్ల లేదు. ఇంకా పుట్టని ఒక పిల్ల కోసం, తను పదేళ్లు ఎవడి ఒంట్లో బతికాడో ఆ వీర్రాజు తోటనే నరికించడానికి సిద్ధపడ్డాడు. ఏ బతుకు చూసి మనిషి మెత్తబడాలని ఆమె కుర్చీ చేసిందో, అది చూసే ఇతను ఇంత మొండికెత్తాడు. హైమవతికి ఆ రోజు తన కుర్చీ అంటే మొదటిసారి భయం వేసింది.

ముద్ద తినలేదని ఇప్పుడైనా చెప్పేయాలి. చెబితే వాదన కొట్టేస్తారు, మళ్లీ విచారణకి ఏడాది పడుతుంది, అప్పటిదాకా సాలంగా ఆగదు, ఒప్పందం పోయినట్టే. మొగుడి ఉద్యోగం పోతుంది. ఆ పిల్లా పోతుంది. చెప్పకపోతే తోటలు పోతాయి. అటు తిప్పీ ఇటు తిప్పీ ఆలోచించి, చివరికి అసలు ఒప్పందం లేని లోకం ఎలా ఉంటుందో కూడా చూడకుండా ఎలా చెప్తాను అని తనకి తానే ఒక సాకు చెప్పుకుంది. సాకు కాదు, శాస్త్రం అనుకుంది. నిజానికి ఆమెకి ఆ పిల్లంటే అసూయ. మొగుడు తను లేకుండా ఎక్కడికో వెళ్లి తండ్రై వచ్చాడన్న ఉక్రోషం. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టం లేక శాస్త్రాన్ని అడ్డం పెట్టుకుంది.

కేంద్రంలో ఒకరి గృహప్రవేశం. రెహానాతో సహా అందరూ భోజనాలకి వెళ్లారు. హైమవతి తలనొప్పి అని చెప్పి ఉండిపోయింది. కుర్చీకి ఒప్పందం జరగని లోకాన్ని అమర్చింది. తాయారు పట్టీ ఎంచుకుంది. చిమ్మిలి డబ్బా చేతికి అందేంత దగ్గర పెట్టుకుని కూర్చుంది. మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ కాళ్ల మీద పడుతోంది.

తరవాత పదేళ్లు ఆమె మంగతాయారు.

తోట అలాగే ఉంది. గెలలు అమ్ముడవుతున్నాయి, ధర బాగానే ఉంది. నూనె మాత్రం అందరితోపాటు తామూ ఎక్కువ ధర పెట్టే కొనుక్కుంటున్నారు, తమ చెట్లకి కాసిన నూనే అయినా సరే. రొయ్యల చెరువులు వేసిన తమ్ముడు సరుకు కొనే దేశం లేక చితికిపోయి వచ్చి వాళ్ల వసారాలోనే ఉండిపోయాడు. రాత్రిళ్లు వాడు నిద్రపోకపోవడం ఆమె వింటూ పడుకునేది. ఆ తోటలోనే మొదటి ఏడాది తిరక్కుండా కొడుకు పుట్టాడు. గెలల కుప్ప మీద ఎక్కి కూర్చుని, నేను దిగనంటే దిగనని పేచీ పెట్టే కొడుకు. తెల్లారకుండానే రెండు చేతులతో బుగ్గలు తట్టి, అమ్మా, ఎలక గెల తినేసింది చూద్దువు రా అని లేపే కొడుకు. ముల్లు గుచ్చుకుంటే ఏడవడు. తను తీస్తూంటే మాత్రం నీకు నొప్పిగా ఉందా అని తల్లిని అడుగుతాడు.

బుగ్గల మీద ఆ చేతులు ఉండగానే కళ్లు తెరిచింది.

ఎండ ఇంకా కాళ్ల మీదే ఉంది. అరచేతులు బుగ్గల మీద పెట్టుకుని చూసుకుంది. తనవే. లేచి గదంతా వెతికింది, కుర్చీ కింద కూడా వంగి చూసింది. చిమ్మిలి డబ్బా మూత తీసి ఒక ఉండ పట్టుకుంది గానీ నోటిదాకా తీసుకెళ్లలేకపోయింది. పెట్టడానికి ఇంటి మనిషి ఎవరూ లేరు. ఉన్నా తినేది కాదని ఆమెకి తెలుసు. కొడుకు నువ్వులంటే ప్రాణం పెడతాడు. ఉండను పమిట చెంగున ముడి వేసుకుంది.

ఇప్పుడు చెప్పడం సుళువైపోయింది, అదే చిక్కు. ముద్ద తినలేదు అని నిజం చెబితే చాలు, ఒప్పందం పోతుంది, తోట నిలుస్తుంది, వాడు పుడతాడు. నిజమే చెప్తున్నానా, వాడికోసం చెప్తున్నానా? మొగుణ్ణి ఏ మాటతో తప్పు పట్టిందో ఆ మాటే వచ్చి ఆమె మెడకి చుట్టుకుంది. వాదన రోజు దాకా మొగుడూ పెళ్లాలు ఒకే ఇంట్లో ఎదురెదురుగా తిని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గడిపారు.

విజయవాడలో సంఘం కూర్చున్న హాలు కిక్కిరిసింది. అధ్యక్షుడు ఆదిశేషు పెద్దవాడు, నెమ్మదస్తుడు, ఎదటివాడు చెప్పేది పూర్తయ్యేదాకా రెప్ప కూడా కదపడని మనిషి. ఒకవైపు తోటల రైతులు, ఒకవైపు రొయ్యల రైతులు. దివాకరం లేచి మాట్లాడాడు. మొదట్లో గొణుక్కున్న రైతులు కూడా నోళ్లు మూసుకుని విన్నారు. సంఘంలో అప్పటిదాకా ఎడమొహంగా కూర్చున్న ఇద్దరు ముందుకి వంగారు. ఆఖరున అతను, ఇవాళ మనం తలుపు తెరిస్తే ఏ పిల్లలు పుట్టి పెరుగుతారో వాళ్ల మొహం చూసి ఓటు వేయండి అన్నాడు. అందరూ అది అలంకారం అనుకున్నారు. అది ఏ పిల్ల మొహమో హైమవతికి తెలుసు.

ఆదిశేషు కుర్చీ విషయం పూర్తి చేయడానికి, ప్రతిసారీ అడిగే ప్రశ్నే అడిగాడు. కేంద్రం తరఫున చెప్పండమ్మా, ఆయన ముద్ద తిన్నారా?

హైమవతి లేచింది. దివాకరం ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. బతిమాలుతున్నాడు. పక్కన కూర్చున్న రెహానాకి ఎందుకో అనుమానం వచ్చి మేడమ్ చెయ్యి పట్టుకుంది.

"తినలేదండి. తిన్నారని నేనే అబద్ధం చెప్పాను."

హాలంతా ఒక్కసారి గోలెత్తింది. తోటల రైతులు లేచి నిలబడ్డారు. ఆమె అక్కడితో కూర్చోవచ్చు. కూర్చుంటే కొడుకు ఆమెకి దక్కుతాడు. ఆమె కూర్చోలేదు. గోల తగ్గేదాకా ఆగి, మిగతాది కూడా చెప్పింది.

"నేనూ తినలేదండి. ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాను, ఒప్పందం లేని లోకంలో. ఒప్పందం ఉన్న లోకంలో ఆయనకి కూతురుంది, లేని లోకంలో నాకు కొడుకున్నాడు. మా ఇద్దరి మాటా నమ్మకండి. ఒప్పందం కావాలన్న ఆయన మాటల్లో తప్పు లేదు. కానీ తోటలవాళ్ల గురించి ఉండాల్సిన మాట ఒకటి ఆయన తీసేశారు. ఎందుకు తీసేశారో నాకు తెలుసు, ఆయన చోట నేనుంటే నేనూ తీసేసేదాన్ని."

పమిట చెంగు ముడి విప్పి, ఎండిన ఉండను బల్ల మీద పెట్టింది. దివాకరం మొహం చేతుల్లో దాచుకున్నాడు.

ఆదిశేషు దివాకరం ప్రసంగాన్ని లెక్కలోకి తీసుకోవద్దన్నాడు. చట్టం అడ్డు మాట్లాడే మనిషికే గానీ కాగితానికి కాదు, కుర్చీలో కూర్చోకముందు ఆయన రాసిచ్చిన పాత వాదన కార్యదర్శి దగ్గర ఉంది కదా, అది చదవమన్నాడు. తోటలవాళ్ల మాట అందులో ఉంది. కార్యదర్శికి ఆ రోజు జలుబు. ముక్కు ఎగబీలుస్తూ, ఎక్కడ ఆగాలో తెలియక, నూనె దగ్గరా రొయ్య దగ్గరా ఒకే గొంతుతో చదివాడు. ఎవరి గుండే ఉప్పొంగలేదు. అయినా వాదన నిలబడింది. రైతులు లేచి ప్రశ్నలు అడిగారు. కొన్నింటికి జవాబు దొరికింది, కొన్నింటికి దొరకలేదు. దొరకని చోటల్లా మార్పులు రాసుకున్నారు.

మర్నాడు నిర్ణయం చెప్పారు. ఒప్పందానికి ఆమోదం. అయితే నూనె మీద సుంకం నిలుచున్న చెట్ల వయసు తీరేదాకా మెల్లమెల్లగానే తగ్గాలి. తోటల వాళ్లకి ఈలోగా ఆసరా ధర ఉండాలి. కుర్చీని చట్టంలోంచి తీసేయాలా అన్నది మరో సంఘం చూస్తుంది. అప్పటిదాకా దానికి తాళం.

తోట వెంటనే పోదు గనక ఆ రేకుల గది ఉండదు. రొయ్యల గిరాకీ వస్తుంది గనక తమ్ముడు చితికిపోడు, వసారాలో చేరడు, ఆ ఇల్లు ఆ ఇల్లుగా ఉండదు. దివాకరం చూసిన లోకం కాదు, హైమవతి చూసిన లోకం కాదు, మూడోదేదో మొదలైంది. అది వాళ్లిద్దరికీ వేరేవాళ్లు చెప్పక్కర్లేదు.

బతుకు అప్పిచ్చిన ఇంటికి, నిర్ణయం వచ్చాక పండూ బట్టా పట్టుకెళ్లి దణ్ణం పెట్టి రావడం కేంద్రం ఆనవాయితీ. కుర్చీకి తాళం పడినా ఆనవాయితీ తప్పించడానికి హైమవతికి మనసొప్పలేదు. దివాకరం నేనూ వస్తానన్నాడు.

తోటలోకి కారు తిరిగింది. అందులో ప్రతి చెట్టూ ఇద్దరికీ తెలుసు. దివాకరం నరికించిన చెట్లు నిలబడి ఉన్నాయి. కొడుకు ఎక్కి కూర్చునే గెలల కుప్ప మీద ఎవరూ లేరు. వీర్రాజు ఎదురొచ్చి బట్టలు అందుకుని మొహమాటపడ్డాడు. తాయారు గ్లాసులతో మజ్జిగ తెచ్చింది. ఆవిడ గ్లాసు అందించే తీరు చూసి దివాకరం తల దించుకున్నాడు. ఆవిడకి వీళ్లు ఎవరో కొత్తవాళ్లు, అంతే.

వీర్రాజు ఒప్పందం గురించి అడిగాడు, ధర ఎన్నాళ్లు నిలుస్తుందని. దివాకరం ఓపిగ్గా, ఏదీ దాచకుండా చెప్పాడు. ఈలోగా తాయారు హైమవతిని పక్కకి పిలిచింది. ఏదో అడగాలని వచ్చి, సిగ్గుపడి, కాసేపు కొంగు మెలిపెట్టింది.

"మా బతుకు చూసొచ్చేరంట కదండీ. మాకు పిల్లలు పుడతారా అండి?"

బుగ్గల మీద రెండు చేతులు తట్టినట్టయింది హైమవతికి. చేతిలో ఉన్న మజ్జిగంతా తాగింది.

"చూసినవేవీ ఇక జరగవమ్మా. ఇకమీద జరిగేది మాకూ తెలీదు. పుడతారు, ఎందుకు పుట్టరు."

"అలాగైతే మంచిదేనండి" అంది తాయారు. నిజంగానే ఆవిడ మనసు తేలికపడింది. ముందే తెలిసిపోతే ఏం బావుంటుంది అని కూడా అంది.

తోట దాటి రోడ్డెక్కాక దివాకరం కారు పక్కకి ఆపాడు. నన్ను క్షమిస్తారా అని హైమవతి అడగలేదు. నువ్వెందుకు చెప్పావని అతనూ అడగలేదు. చొక్కాలు మారినా ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుతూ వచ్చిన చిమ్మిలి ఉండను తీసి, ఇద్దరి మధ్యా పెట్టాడు.

"ఇప్పుడు చెప్పండి" అంది హైమవతి. "ఏం పేరు పెట్టారు?"

"కనకం." "వీర్రాజు తల్లి పేరు. నీ వాడికి?"

"గవర్రాజు. తాయారు నాన్న పేరు. నేను గవరయ్యా అని పిలిచేదాన్ని."

దివాకరం ఉండను రెండుగా విరిచాడు. గట్టిపడి, సరిగ్గా విరగలేదు. పెద్ద ముక్క ఆమె నోటికి అందించాడు. రెండోది ఆమె తీసుకుని అతని నోట్లో పెట్టింది. ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు. ఎండిపోయిన ఆ చిమ్మిలి నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది.

"మన ఇంటిదే" అన్నాడు దివాకరం.